పట్టులో ఇరవై గ్రాములు

"షాఫ్టు కర్ర మార్చమంటే నా గోల్ఫ్ క్లబ్బును రోకలిబండ చేశావు కదరా," అంటూ అన్నగారు దండెత్తి వచ్చిన చక్రవర్తిలా దాన్ని తమ్ముడి బల్లమీద పడేశారు. "దాని తల లేపబోతే మణికట్టు లాగేస్తోంది. రేపటి పోటీలో నేను ఓడిపోవాలనేగా?"

క్లబ్బులు బాగుచేసే తమ్ముడు దాన్ని త్రాసుకెక్కించాడు. పాత షాఫ్టుతో ఉన్న బరువే చూపించింది. అంటే బలం తగ్గినవి అన్నగారి చేతులే. పాతికేళ్ల తిట్లకు సరిపోయే జవాబు అతని నాలుక చివరికొచ్చింది. అంతలో అన్నగారు వణుకుతున్న కుడిచేతిని జేబులో దాచుకోవడం కంటబడింది.

"తప్పు నాదే, అన్నయ్యా," అన్నాడు.

పిడిమీది పాత రబ్బరు పట్టు ఊడదీసి, ఇరవై గ్రాములు ఎక్కువున్నది తొడిగాడు. పిడి బరువెక్కితే తల తేలికైనట్టు చేతికి తోస్తుంది. జిగురు ఆరేదాకా అన్నగారు తిడుతూనే ఉన్నారు. ఆరాక ఊపి చూశారు.

"ఇప్పుడు దారికొచ్చింది. ఈ పని మొదటే చేసి ఏడవచ్చుగా?"

గుమ్మం దగ్గర మాత్రం ఆగారు.

"త్రాసు నా దగ్గరా ఉందిరా. నీకిచ్చే ముందూ తూచాను, తెచ్చుకున్నాకా తూచాను. ఒకటే బరువు."

"మరి నన్నెందుకు తిట్టావు?"

"ఇంకెవర్ని తిట్టుకోమంటావు?" అని అన్నగారు తలుపు దడాలున వేసి వెళ్లిపోయారు.