బాల్డెరాస్‌ని తిట్టే మనిషి

“చేతకాని సన్నాసీ, ఆ బ్యాటు కింద పడేసి ఇంటికి పోరా. మీ అమ్మకి అంట్లు తోమిపెట్టు.”

ఆ గొంతు జోనీ చెవి పక్కనే పేలింది. పక్కనున్న ముసలి లెస్టర్ అంతటితో ఆగలేదు. కూర్చున్న చెక్క బల్ల మీద పిడికిలితో మూడు దెబ్బలు వేశాడు. జోనీకీ ఆమె మొగుడు వాల్ట్‌కీ మధ్య ఉన్న ఫ్రైస్ పొట్లం ఎగిరిపడింది.

మరుక్షణం బేస్‌బాల్ మైదానంలో బాల్డెరాస్ బ్యాటు తిప్పాడు. బంతి ఫీల్డర్ల తలల మీదుగా వెళ్ళి పచ్చికలో పడింది. గ్యాలరీ అంతా లేచి నిలబడింది.

“చూశారా పెద్దాయనా, మీ నోటికి వాడు బ్యాటుతో జవాబు చెప్పాడు,” అంది జోనీ.

“గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలింది,” అన్నాడు లెస్టర్.

మూడు వారాలుగా ఇదే తంతు. లెస్టర్ తిట్టడం, కుర్రాడు కొట్టడం. ఈ ముసలాణ్ణి చూస్తే వాడికి పౌరుషం పొడుచుకొస్తుందని ఆ వరుసలో అందరూ నవ్వుకునేవారు. జోనీకి మాత్రం నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

హెరాన్స్ జట్టులో సీనియర్ ఆటగాడి మోకాలు బెణికితే, ఆయన స్థానంలోకి నికో బాల్డెరాస్‌ని కింది లీగు నుంచి తెచ్చారు. వచ్చిన రోజు నుంచీ బంతిని ఉతికి ఆరేస్తున్నాడు. ఇప్పుడా సీనియర్ మోకాలు నయమైంది. రేపు తిరిగొస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరికే చోటు. ఇవాళ్టి ఆట చూసి తేలుస్తానని మేనేజరు పొద్దున్నే రేడియోలో చెప్పేశాడు.

జోనీ కాపురం, బాల్డెరాస్ ఆట ఒకే వారంలో మొదలయ్యాయి. వాడు కొట్టిన ప్రతి బంతీ తన పెళ్ళికి అక్షింతలు వేసినట్టే ఉండేది ఆమెకి. వాడి పేరున్న జెర్సీ కోసం స్టేడియం దుకాణంలో అడిగింది. “ఉంటాడో పోతాడో తెలియనివాడి పేరు ఎవరు వేస్తారమ్మా? కావాలంటే మీరే కుట్టుకోండి,” అన్నారు. కుట్టుకుందామంటే ఆమెకి సూదిలో దారం ఎక్కించడమే రాదు.

“ఇక వీడికి తిరుగులేదు వాల్ట్,” అంది, ఆఖరి రెండు ఫ్రైస్‌లో పొడవుది మొగుడికిస్తూ.

“అలా పైకి అనకు. మా తాతే ఉంటే దిష్టి తగలకుండా వెంటనే చెక్క ముట్టుకోమనేవాడు,” నవ్వాడు వాల్ట్. పొడవుది మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు.

ఎండ మాడ్చేస్తోంది. సరస్సు వైపు నుంచి పిసరంత గాలి లేదు. లెస్టర్ మాత్రం నల్లకోటు గొంతుదాకా బిగించుకుని చెమటలు కక్కుతున్నాడు.

“ఆ కోటు విప్పడేం?” అంది జోనీ.

“లోపలున్న కుళ్ళు బయటికొచ్చేస్తుందని,” గొణిగాడు వాల్ట్.

కాసేపటికి లెస్టర్ మరుగుదొడ్డికి వెళ్ళాడు. వరుసంతా ఊపిరి పీల్చుకుంది. “ఈ ఏడాది కొత్త ఆటగాళ్ళకిచ్చే బహుమతి బాల్డెరాస్‌దే, రాసిపెట్టుకోండి,” అన్నాడు ముందు వరుసలోని లావుపాటాయన. అంతలోనే కుర్రాడి వంతు వచ్చింది. మూడు తప్పితే పోయినట్టే; మూడు బంతులూ తప్పాయి. ఔట్.

లెస్టర్ రొప్పుతూ వచ్చాడు. “కొట్టాడా?”

“లేదు. చల్లబడిందా మీ కడుపు?” అంది జోనీ.

అతని మొహం జేవురించింది. “నేనొచ్చేదాకా ఆగలేకపోయాడూ.”

“తిట్టడానికి అంత తొందరేంటి తాతా? మళ్ళీ వస్తాడులే,” అన్నాడు లావుపాటాయన. “ఎంత తిట్టినా ఆ బహుమతి మాత్రం వాడి...”

“నోరు ముయ్యి.” లెస్టర్ పిడికిలి మళ్ళీ బల్ల మీద పడింది. ఖాళీ ఫ్రైస్ పొట్లం ఈసారి జోనీ ఒళ్ళో బోర్లాపడింది. అడుగున మిగిలిన మస్టర్డ్ ఆవముద్ద మరక ఆమె కొత్త గౌను మీద పసుపు పచ్చగా పాకింది.

ఇక ఆమె ఆగలేదు. గ్యాలరీ చూసుకునే పాట్‌ని కేకేసి పిలిచింది.

“ఈయన్ని బయటికి పంపించండి. మూడు వారాల నుంచి భరిస్తున్నాం.”

వరుసంతా తలలూపింది. పాట్ లెస్టర్ భుజం మీద చెయ్యి వేసింది. “పదండి లెస్టర్. ఇంతమంది చెబుతుంటే నేనేం చెయ్యను?”

లెస్టర్ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. “అమ్మాయ్, వాడు ఇంకొక్కసారి బ్యాటు పట్టేదాకా ఉండనీ. తర్వాత నేనే పోతాను. మళ్ళీ ఈ గ్యాలరీ మొహం చూడను.”

“ఆఖరిసారి కూడా తిట్టాలా? కుర్రాడి పొట్టకొడితేగానీ మీకు నిద్రపట్టదా?”

అతను కోటు కాలరు బిగించి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. జోనీ చప్పట్లు కొట్టింది.

ఆఖరి ఇన్నింగ్స్. హెరాన్స్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఇంకొక్కడు ఔటైతే ఆట ముగిసిపోతుంది. బాల్డెరాస్ వచ్చాడు. గ్యాలరీ మొత్తం వాడి పేరు జపం చేసింది. తిట్టే నోరు ఒక్కటీ లేదు.

ఒకటి తప్పింది. రెండోదీ తప్పింది. మూడోదానికి బ్యాటు గాలిని కోసింది.

“వాడిక కింది లీగుకి బస్సెక్కినట్టే,” అన్నాడు లావుపాటాయన, టోపీ తీసి.

బయటికి నడుస్తుంటే జోనీ కళ్ళల్లో నీళ్ళూ నిప్పులూ కలిసే ఉన్నాయి. “అంతా ఆ ముసలాడి దిష్టే. ఆ పాపిష్టి నోరే తగిలింది వాడికి.”

“అప్పుడు ఆయన లేడుగా,” అన్నాడు వాల్ట్.

ఆమె వినిపించుకోలేదు. గేటు దగ్గర, మూసేసిన టికెట్ గది ముందు ఆమె అడుగులు ఆగాయి. ఎవరో అటు తిరిగి నిలబడ్డారు. ఎర్ర జెర్సీ వీపు మీద ‘బాల్డెరాస్’ అని చేత్తో కుట్టిన వంకర అక్షరాలు. ఆ మనిషి తలుపు చెక్కకి నుదురు ఆనించి, దాన్ని వేళ్ళతో నెమ్మదిగా తడుతున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

తనలాంటి పిచ్చివాడే ఇంకొకడు. జోనీ కోపం కరిగిపోయింది. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

“బాధపడకండి. వాడికి మనమున్నాంగా.”

అతను వెనక్కి తిరిగాడు. విప్పిన నల్లకోటు చేతిలో ఉంది.

లెస్టర్.