పైడిరాజు నిద్రలో ఆట

వీడియో ఆటల కంపెనీ ఆటలాడే పెట్టెలు తయారుచేయడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు దాని ఆటలు ఒప్పుకున్న మనుషుల నిద్రలో నడుస్తున్నాయి; ఆడేవాళ్లు ఎక్కడో తమ ఇళ్లలో ఉంటారు. పోర్టులో పని పోయాక పైడిరాజు కూడా తన మధ్యాహ్నపు నిద్రను కంపెనీకి అద్దెకిచ్చాడు.

ఆ రోజు అతని పక్కనే కూర్చుని దమయంతి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఉన్నట్టుండి నిద్రలో ఉన్న మొగుడి నోట్లోంచి ఎవరో ఆడపిల్ల గొంతు వినిపించింది.

"ఓడిపోయాను. అక్కడెవరైనా ఉన్నారా?"

దమయంతి చేతిలోని కాయ వదిలేసింది. "ఏటయ్యా, లెగు!" అంటూ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"లేపకండి ఆంటీ! లేపితే ఆట ఆగిపోతుంది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను."

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆ ఇంట్లో ఇన్నేళ్లలో పిల్లల మాట వినబడడం అదే మొదలు.

"మల్లీ ఆడమ్మా. నానిక్కడే ఉంటాను," అంది చివరికి.

పిల్ల ఆడినంతసేపూ పైడిరాజు చేతులు వణికాయి. పిల్ల గెలిచినప్పుడు అతని పెదవులు నవ్వాయి.

సాయంత్రం లేచి, టీ గ్లాసు పట్టుకోలేక కింద పెట్టేశాడు. "నిద్దరోయినట్టే నేదే. రేపట్నుంచి మానేత్తాను."

"ఇంకొన్నాళ్లు సూద్దుం," అంది దమయంతి, అతని మొహం చూడకుండా.