గోడవతలి మోటారు

ఈ కథలో ఒక్క అబద్ధం దొరికినా నా మీసం సగం గొరిగించుకుంటాను. మిగతా సగం మీ దయ.

ఆయన లారీ మెకానిక్. అందరూ 'చెవి మేస్త్రి' అనేవారు. స్క్రూడ్రైవర్ కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేవాడు. "మూడో సిలిండరు దగ్గుతోంది" అన్నాడంటే మూడోదే. లారీ వీధి మలుపులో ఉండగానే దాని రోగం పసిగట్టి, డ్రైవరు దిగేలోపు పానా చేతిలోకి తీసుకునేవాడు. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఆ చెవులే.

ఒకనాడు కాలికి రేకు గీసుకుంది. లెక్కచెయ్యలేదు. చీము పట్టి, విషం రక్తానికెక్కి, ఒళ్లెరుగని జ్వరంతో ఆస్పత్రిలో పడ్డాడు.

"గట్టి యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నాం," అంది డాక్టరమ్మ. "ప్రాణం నిలబెడుతుంది. కానీ ఊరికే పోయే మందు కాదు, ఒంట్లో ఏదో ఒకదాన్ని దెబ్బతీయొచ్చు. కొత్తగా ఏ బాధ వచ్చినా వెంటనే చెప్పండి, మందు మారుస్తాం. ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు."

ఆ మాట భార్య కొంగున ముడేసుకుంది. ఒళ్లంతా దద్దుర్లు వెతికింది. నాలుక చాపమంది. మూత్రం రంగు కూడా చూసింది.

జ్వరం దిగింది. మేస్త్రి కళ్లు తెరిచి చేసిన మొదటి పని తిట్టడం.

"ఎవడే ఆ మోటారు బిగించింది? బేరింగు కీచుమంటోంది."

మంచానికి ఆనుకున్న గోడకు అవతల నీళ్ల మోటారు గది.

"నాకేం వినపడట్లేదే," అంది భార్య.

"నీకెప్పుడు వినపడింది గనక! పెళ్లయిన నాటి నుంచీ నా మాటే వినవు." గోడకు చెవి నొక్కిపెట్టాడు. "చూశావా, ఆనిస్తే ఇంకా బాగా తెలుస్తోంది. అరిగిపోయింది పాపం."

ఆ వార్డుకు కొత్తగా వచ్చిన నర్సు కూడా చెవి ఆనించింది. ఏమీ లేదు. మేస్త్రి చెవి ముందు మన చెవులెంత అనుకుని నవ్వేసింది.

వచ్చినప్పుడల్లా డాక్టరమ్మ అడిగేది. "కొత్తగా ఏమైనా బాధ?"

"నాకేం లేదమ్మా. జబ్బు మోటారుకి. ముందు దాని నాడి చూడండి."

వార్డంతా నవ్వేది. సీసాలోంచి మందు చుక్క చుక్కగా దిగుతూనే ఉండేది.

కీచు పెరిగింది. "గట్టిగా చెప్పవే, ఈ గోలలో నీ మాట వినపడి చావట్లేదు," అనేవాడు. ఆమె అరిచి చెప్పేది. పక్క మంచం పెద్దాయన చెవులు మూసుకునేవాడు, ఆమె అరుపులకి.

కాలు మానింది. ఇంటికి పొమ్మన్నారు.

"వెళ్లేముందు ఆ మోటారు ఆపించి రావే. కాలిపోతుంది."

ఆమె వరండా చుట్టి గోడ వెనక్కి వెళ్లింది. పరుగున తిరిగొచ్చింది. మంచం దగ్గర నిలబడి ఏదో చెప్పింది.

"ఏంటే? ఆపారా లేదా?"

ఆమె మళ్లీ చెప్పింది, గొంతు చించుకుని. ఆయన ఆమె పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

అంతా నిజమే గానీ, మోటారు గది ఒక్కటి మాత్రం నా కల్పన. ఆ గోడవతల గడ్డి మొలిచిన ఖాళీ జాగా తప్ప ఎప్పుడూ ఏమీ లేదు.