గేదెతో ఆఖరి పరీక్ష

దొంగల వెంట పరుగెత్తే పని రోబో పోలీసులు తీసుకున్నాక, కానిస్టేబుల్ ఎంపికలో పరుగు పందెం ఎత్తేశారు. రోబో మొండికేస్తే దారికి తెచ్చేవాళ్లకే ఇప్పుడు ఉద్యోగం.

నూకరత్నం రెండుసార్లు తప్పింది. వయోపరిమితి దాటుతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. ఆమెకిచ్చిన పరీక్ష అనకాపల్లి నడిరోడ్డు మీద ఉంది. అక్కడొక రోబో ఒక గేదెను ఆపి, "గుర్తింపు కార్డు చూపించండి" అని అరగంటగా అడుగుతోంది. వెనక బస్సులు బారులు తీరాయి. అంతకుముందు వచ్చిన అభ్యర్థి దానికి చట్టాలు వల్లించబోతే, అతడి కార్డే లాక్కుంది.

నూకరత్నం చట్టాల జోలికి పోలేదు. నేరుగా వెళ్లి గేదె వీపు నిమిరింది.

"ఈవిడికి మాటలు రావు సార్. స్టేషన్‌కి తోలుకొస్తాను, ఏటి రాసుకోవాలో అక్కడ రాసుకుందురు గాని," అంది రోబోతో.

"సహకరించినందుకు ధన్యవాదాలు," అంటూ రోబో దారిచ్చింది. బస్సులు కదిలాయి.

స్టేషన్‌లో, పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టర్ గదిలోకి ముందు గేదె, దాని వెనక కార్డు అడుగుతూ రోబో దూరాయి. ఆయన గబుక్కున కుర్చీ ఎక్కేశాడు.

"ఎంపికయ్యావమ్మా! ముందు దాన్ని బయటికి తోలు!"

నూకరత్నం ఆనందంతో కళ్లు తుడుచుకుంది.

"రెండిట్లో దేన్ని సార్?"