రోజుకు పది రెబ్బలు

"వెల్లుల్లి తింటే పేగు క్యాన్సర్ రాదని గోడ మీద రాసి నా మొగుణ్ణి చంపావు కదరా! దొడ్డికెళ్తే రక్తం పడుతున్నా నీ మాటే నమ్మి, పరీక్షకు పోలేదు!"

మూలికల కొట్టువాడి మీద విరుచుకుపడిందామె. బల్ల మీద తేనెలో నానుతున్న వెల్లుల్లి సీసాను పగలగొట్టడానికి ఎత్తింది.

"అది అమ్మేది కాదక్కా. నాది."

"నీకెందుకు?"

"మూడు నెలల్నుంచి నాకూ రక్తం పడుతోంది. రోజుకు పది రెబ్బలు తింటున్నా. తగ్గుతుందిలే."

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ వాణ్ణి మోసగాడనుకుంది. వాడూ ఆమె మొగుడిలాగే నమ్మాడు.

అయినా జాలి కలగలేదు. సీసా బల్ల మీద ఠక్కున పెట్టింది.

"అంత సులువుగా చావనిస్తానా? బతికి, కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ నీ నోటితోనే నిజం చెప్పాలి. ఆ రాత చెరుపు. షట్టరు దించి ఆసుపత్రికి నడు. ఇప్పుడే!"