ఎర్ర కారుకు చలికాలపు చెప్పులు

తన కారును తానే దొంగిలించాలని తౌనో అక్టోబరులోనే నిర్ణయించుకున్నాడు. ధైర్యం మాత్రం ఫిబ్రవరికి గానీ రాలేదు.

కారు ఎర్రది. రెండు సీట్లది. వెనక చక్రాలు నెడితే నడిచేది. మొదటి మంచు పడగానే దానికి దుప్పటి కప్పి గరాజులో నిద్రపుచ్చడం, తాళంచెవి భార్య వెల్లామోకు అప్పగించడం ఆ ఇంటి రివాజు. మూడేళ్ల కిందట ఒక్కసారి, వేసవి టైర్లతోనే మంచుమీదికి తీశాడు. కారు బొంగరంలా గిర్రున తిరిగి వెళ్లి పక్కింటివాళ్ల ఆవిరిస్నానపు గదిని గుద్దింది. లోపలున్న పక్కింటాయన ఒంటిమీద నూలుపోగు లేకుండా వీధి చివరిదాకా పరుగెత్తాడు.

ఆ రోజే వెల్లామో తేల్చేసింది. "ఇంకొక్కసారి నువ్వు దీంతో మంచు తొక్కావా, మర్నాడే అమ్మేస్తా. విన్నావా?"

విన్నాడు. అంటే చేసే మనిషని నలభై ఏళ్లుగా తెలుసు కూడా.

కానీ ఈ ఏడు చేపలు పట్టే స్నేహితులు నిప్పంటించారు. నలభై కిలోమీటర్ల అవతల, గడ్డకట్టిన సరస్సుమీద, శనివారం కార్ల పందెమట! శనివారం అంటే తను గాలం పట్టుకుని తమ్ముడి ఊరికి పోయే రోజు. వెల్లామో చర్చిలో పాటల సాధనకు పోయే రోజు. గరాజు వైపు చూసే దిక్కుండదు. గాలం తమ్ముడి దగ్గర పడేసి వెనక్కొస్తే ఎవరికి తెలుస్తుంది?

గురువారం తాళంచెవి దొరికింది. చర్చి లాటరీలో వెల్లామో గెలుచుకొచ్చిన కాఫీ డబ్బాలో, అడుగున. దుప్పటి ఎత్తి చక్రాలు చూశాడు, డిక్కీ తెరిచాడు. ఎప్పటిలాగే రెండు బస్తాల బంగాళాదుంపలు! "ఇది పందెపు కారే, దుంపల కొట్టు కాదు" అని కిందటేడు మొత్తుకుంటే, "చల్లగా ఉంటాయి, ఎలకలు రావు. నీ కారు దేనికో ఒకదానికి పనికొస్తోందని సంతోషించు" అంది.

పెట్రోలు ముల్లు మళ్లీ కిందికి దిగి ఉంది. అదీ మామూలే. చలికి ఆవిరైపోతుందని వెల్లామోయే చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం, తనను ఎరిగినవాడు ఒక్కడూ లేని టైర్ల అంగడి వెతుక్కుంటూ బస్సెక్కి సరస్సు ఊరికే వెళ్లాడు. యజమాని రూస్కా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"వెనక చక్రాలు నెట్టే కారా? మంచుమీదా? పెళ్లాం ఉందా పెద్దాయనా?"

"ఉంది. అందుకే ఇంత దూరం వచ్చా."

రూస్కా పకపకా నవ్వాడు. "వేసవిలో వెనకవి వెడల్పు, ముందువి సన్నం. మంచుకు ఆ సోకులు కుదరవు. నాలుగూ ఒకే కొలత, సన్నటివి, మేకులున్నవి వెయ్యాలి. వెడల్పు టైరు మంచుమీద తేలిపోతుంది, సన్నటిది కోసుకుని దిగుతుంది. చక్రం కూడా ఒక అంగుళం చిన్నది చాలు."

"రెండు అంగుళాలు తగ్గిస్తే?"

"బ్రేకులకు తగులుతుంది. చక్రమూ తిరగదు, నువ్వూ ఇంటికి తిరిగి వెళ్లవు."

"నల్లటి ఇనుప చక్రాలు... ఎర్ర కారుకు చూడ్డానికి బాగుంటాయంటావా?"

"రేపు పందేనికా, పెళ్లిచూపులకా?"

అరవై మూడేళ్ల తౌనోకు పద్దెనిమిదేళ్లు వచ్చేశాయి. కూనిరాగం కూడా వచ్చింది. కొలతలో పొరపాటు లేకుండా చూస్తానని రూస్కా కారు నంబరు అడిగితే, పాటలాగే చెప్పాడు.

ఆ మంచుదేశంలో ప్రతి కారుకూ వేసవికో సెట్టు, చలికాలానికో సెట్టు చక్రాలు; ఒకటి కారుకుంటే, రెండోది టైర్ల అంగడి అటకమీద కారు నంబరు చీటీతో పడుకుని ఉంటుంది. రూస్కా నంబరు విని ఆగాడు. నిచ్చెనెక్కి ఒక చీటీ చూశాడు. దిగి వచ్చి, నింపాదిగా తలుపు గడియ పెట్టాడు.

"కారు ఎక్కడ కొట్టేశావు రా?"

"నా కారయ్యా అది!"

"నీదా? ఆ నంబరు చక్రాలు రెండేళ్లుగా నా అటకమీదున్నాయి. సన్నటివి, మేకులవి, నల్లవి. ఆ కారు వెల్లామో గారిది. రెండు చలికాలాలుగా పందెంలో బహుమతిగా ఇచ్చే కాఫీ డబ్బాలన్నీ ఆవిడే ఎత్తుకుపోతోంది. రేపు పొద్దున నేనే వాళ్లింటికి వెళ్లి చక్రాలు బిగించాలి. నిలబడు, పోలీసులకు ఫోన్ చేస్తున్నా."

తౌనో పక్కనున్న టైర్ల దొంతరమీద కూలబడ్డాడు. చర్చి లాటరీ. చలికి ఆవిరైన పెట్రోలు. రెండేళ్లుగా సాధన చేస్తున్నా ఇంట్లో ఒక్క పాటైనా పాడని భార్య.

"నేను... ఆవిడ మొగుణ్ణి," అన్నాడు సన్నగా.

రూస్కా ఫోన్ దించాడు. "శనివారాలు చేపలకు పోయే ఆయనా?"

"ఆఁ. మరి నేను మంచు తొక్కితే కారు అమ్మేస్తానందే!"

"అనక? లేకపోతే శనివారాలు తాళంచెవి మీ జేబులో ఉండేది కదండీ." రూస్కా గడియ తీసి, కప్పులో కాఫీ పోసి చేతికిచ్చాడు. "వెనక బరువుంటే గానీ ఈ కారు మంచుమీద నిలవదని, డిక్కీలో రెండు ఇసుక బస్తాలు పడెయ్యమన్నా. వద్దంది. 'ఇసుకైతే మా ఆయన ఎందుకని అడుగుతాడు, బంగాళాదుంపలైతే వేపుడెప్పుడని అడుగుతాడు' అంది."