ఇనుపగుండె

తమ్ముడి ఛాతీ నిండా అంటించిన తీగలు చూసి పెద్దాడికి ఒళ్లు జలదరించింది.

అతను లిఫ్ట్ మెకానిక్. చీకటి గోతిలో ఇనుపతాడు పట్టుకుని వేలాడుతూ ఈల వేసే రకం. పనిలో అందరూ ‘ఇనుపగుండె’ అని పిలుస్తారు. ఆ ఇనుపగుండె ఇప్పుడు ఆసుపత్రిలో స్ట్రెచర్ పక్కన నిలబడి చెమటలు కక్కుతోంది.

తమ్ముడు దర్జీ. నిండా పాతికేళ్లు లేవు. పొద్దున చొక్కా కుడుతూ కుడుతూ మిషను మీదే వాలిపోయాడు. గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందన్నాడు.

డాక్టరమ్మ ఈసీజీ కాగితం చూసి నొసలు చిట్లించింది.

“సిగరెట్లు కాలుస్తావా?”

“లేదండీ.”

“కరోనా టీకా ఎప్పుడు వేయించుకున్నావు?”

“ఏడాది దాటిందండీ.” తమ్ముడు పైకప్పు కేసి చూస్తూ చెప్పాడు.

“ఈ మధ్య మళ్లీ ఏమైనా?”

“లేదండీ.”

“అయితే అది కాదు. టీకా వేసిన కొద్దిరోజుల్లో, ఎక్కడో ఒకరికి, ముఖ్యంగా కుర్రాళ్లకి, గుండె కండరం వాస్తుంది. అదైతే మందులిచ్చి కదలకుండా పడుకోబెడతాం. చాలామందికి తగ్గిపోతుంది. ఇది రక్తనాళం పూడుకోవడమేమో అని నా అనుమానం. చేతి నరంలోంచి గుండెదాకా సన్నటి గొట్టం పంపి చూడాలి. అందులో ప్రమాదం అసలే లేదని చెప్పను.”

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏం చెప్పమంటారమ్మా. ఇద్దరూ నా కడుపునే పుట్టారు. చూసినవాళ్లు కవలలంటారు. పెద్దాడికి పోయినవారమే రెండో డోసు పడింది. అది లేందే పనిలోకి రానివ్వమన్నారు వాళ్ల కంపెనీవాళ్లు. వాడికి ఒళ్లు వెచ్చబడనన్నా లేదు. వీడికేమో పక్కింట్లో తుమ్మినా జ్వరమే. మొన్న కూడా రెండ్రోజులు మూలుగుతూ పడుకున్నాడు.”

పెద్దాడు తన జబ్బ తడుముకున్నాడు.

“నువ్వు వెళ్లు అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు నీరసంగా. “ఆలస్యమైతే ఆ సూపర్‌వైజరు నీ ఉద్యోగం పీకేస్తాడు. నాకేం కాదులే.”

“నోరు మూసుకుని పడుకో,” అన్నాడు పెద్దాడు.

నర్సు సంతకం కోసం తల్లి చేతికి కలం ఇచ్చింది. తల్లి పేరు గీకింది. వార్డుబాయ్ స్ట్రెచర్ తోశాడు. చక్రాలు కిర్రుమన్నాయి. ఎదురుగా తలుపులు తెరుచుకున్నాయి.

పెద్దాడు రెండంగల్లో వెళ్లి స్ట్రెచర్ కమ్మీ పట్టుకున్నాడు. వార్డుబాయ్ ఎంత తోసినా అది కదలలేదు.

“తప్పుకోవయ్యా, అవతల ఆలస్యమవుతోంది,” అంది డాక్టరమ్మ.

తమ్ముడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తల్లి ఏమీ అర్థంకాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

పెద్దాడు కమ్మీ వదల్లేదు.

“సూదికి భయపడింది నేను, పోయినవారం నా పేరు చెప్పి చెయ్యి చాపింది వీడు డాక్టరమ్మా.”